ఛార్జింగ్ ఎక్కని ప్లగ్-ఇన్ హైబ్రిడ్, డిక్కీలో ఆకుపచ్చ ఫ్యూజు

అమ్మా, ముందు ఒక పని చేసి రండి. మీ మరిది గారు డిక్కీలో పెట్టిన ఆ ఆకుపచ్చ ఫ్యూజును పీకి పక్కన పెట్టండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. గాలి పంపు సాకెట్ రెండు రోజులు పని చేయకపోతే కొంపలేమీ అంటుకోవు. ఆ ఫ్యూజు అక్కడే ఉంటే మాత్రం నిజంగానే అంటుకోవచ్చు.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. నాలుగేళ్ల ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండి, అంటే పెట్రోలుతోనూ, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే పెద్ద బ్యాటరీతోనూ నడిచేది, హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రోజూ గుంటూరు లక్ష్మీపురం నుంచి విజయవాడ కాలేజీకి వచ్చిపోతారు. పోయిన ఆదివారం మంగళగిరి దగ్గర టైరులో గాలి తగ్గితే డిక్కీలోని 12 వోల్టుల సాకెట్‌కి గాలి పంపు తగిలించారు. సగంలో పంపు ఆగిపోయింది. ఆ రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెడితే కేబుల్ మధ్యలో ఉండే డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది, ఛార్జింగ్ మొదలవలేదు. మర్నాడు మీ మరిది గారు ఫ్యూజు పెట్టె తెరిచి, మాడిపోయిన నీలం ఫ్యూజు తీసేసి, చేతికందిన ఆకుపచ్చది నొక్కారు. సాకెట్‌కి ప్రాణం వచ్చింది, ఛార్జింగ్ మాత్రం రాలేదు. ఛార్జింగ్‌కి ఇంకో ఫ్యూజు ఉంటుందా, ఎక్కడుంటుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చా, షోరూము వాళ్లు బండిని టో చేసి తెమ్మంటున్నారు, అది అవసరమా అని అడిగారు.

నేను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. గాజు గొట్టం ఫ్యూజులు రెండో మూడో ఉండే అంబాసిడర్లతో మొదలెట్టాను. ఇప్పుడు ఒక్కో బండిలో ఫ్యూజులు వంద దాకా లెక్క తేలుతున్నాయి. ఈ ముప్ఫై ఏళ్లలో ఫ్యూజు పోయినందువల్ల కాలిన బండి నేనొక్కటీ చూడలేదు. పోవాల్సిన ఫ్యూజు పోకుండా చేసినందువల్ల కాలినవి నాలుగైదు చూశాను.

ఫ్యూజు ఉన్నది పంపును కాపాడటానికో, సాకెట్‌ను కాపాడటానికో అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. డిక్కీ సాకెట్‌కి వెళ్లే వైరు లావు 15 ఆంపియర్లకు తగ్గట్టు కంపెనీ లెక్కేసి వేసింది. అందుకే నీలం ఫ్యూజు. ఆకుపచ్చ అంటే 30. ఇప్పుడు ఆ వైరులో షార్ట్ వస్తే ఫ్యూజు కన్నా ముందు వైరే వేడెక్కుతుంది. అది ఒంటరిగా పోయే వైరు కూడా కాదు, మిగతా ఇరవై ముప్ఫై వైర్లతో కలిపి టేపు చుట్టిన కట్ట. పైన కార్పెట్, పక్కన సీటు స్పాంజి. మీ బండి రకంలో ఆ చుట్టుపక్కలే పెట్రోలు ట్యాంకు, పెద్ద బ్యాటరీ కూడా ఉంటాయి.

ఇంకో సంగతి. 15 ఆంపియర్ల ఫ్యూజు 15 దాటగానే టప్పున తెగుతుందనుకోకండి. మామూలు బ్లేడు ఫ్యూజు తన మీద రాసి ఉన్న అంకెకు పది శాతం ఎక్కువ లోడు పడితే వంద గంటలైనా తెగకుండా నిలబడాలి, అది తయారీ లెక్క. 35 శాతం ఎక్కువైతే తెగడానికి పది నిమిషాల దాకా తీసుకోవచ్చు. రెట్టింపు పడితే అయిదు సెకన్లలోపు పోవాలి. ఈ లెక్కను మీ ఆకుపచ్చ ఫ్యూజుకు వేసి చూడండి. 40 ఆంపియర్లు లాగుతున్నా అది పది నిమిషాలు ఊరుకోవచ్చు. 15 కోసం వేసిన వైరు 40 మోస్తూ పది నిమిషాలు!

మీ మరిది గారిని తప్పు పట్టడం లేదు. మనందరి ఇళ్లలో పింగాణీ కటౌట్లు ఉన్న రోజుల్లో ఫ్యూజు వైరు దొరక్కపోతే పాత వైరులోంచి రాగి పోగులు నాలుగు మెలేసి కట్టినవాళ్లమే. కరెంటు వచ్చిందా లేదా అన్నదొక్కటే చూశాం. ఆ అలవాటే బండ్లలోకీ వచ్చింది. సిగరెట్ పెట్టెలో తళతళలాడే కాగితం ఫ్యూజు చుట్టూ చుట్టిన బండ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి.

ఇక ఛార్జింగ్ సంగతి. ఇక్కడ మీరు రెండు జబ్బుల్ని ఒకటే అనుకుంటున్నారు. ఒకే రోజు వచ్చాయి కాబట్టి అలా అనిపించడం సహజం. గాలి పంపు సాకెట్ ఫ్యూజు పోతే ఛార్జింగ్ ఆగిపోయేలా బండ్లను కట్టరు. మీరు రాసిన వాటిలో నాకు పట్టుకుని లాగాలనిపించింది ఎర్ర లైటు గురించిన వాక్యం. ఆ లైటు బండి డ్యాష్‌బోర్డు మీద కాదు, గోడకీ బండికీ మధ్య కేబుల్‌లో ఇటుకలా వేలాడే డబ్బా మీద వెలిగింది. అంటే గొడవ పెడుతున్నది డబ్బా. ఆ డబ్బా కరెంటు వదిలే ముందు మీ ఇంటి ఎర్తింగు సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. ఎర్త్ లేదని తేలితే బండి ఎంత బాగున్నా వదలదు. మొండిది, కానీ ఆ మొండితనం మన ప్రాణం కోసమే.

మన గుంటూరు, బెజవాడల్లో ఇది ఎండాకాలం రోగం. ఉప్పూ బొగ్గూ వేసి తవ్విన పాతకాలం ఎర్త్ గుంటలు మే నెల వచ్చేసరికి ఎండిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది, వేసవిలో రోజూ సాయంత్రం ఆ గుంటలో ఒక బిందెడు నీళ్లు పోసేవారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల సెల్లారులో ఆ గుంట ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు. కొన్ని చోట్ల సెల్లారు సాకెట్‌కి మూడో వైరు అసలు వేయనే వేయరు, మూడు రంధ్రాలు మాత్రం ఉంటాయి. ఫ్రిజ్, మోటారు వగైరాలన్నీ ఎర్త్ లేకపోయినా నోరు మూసుకుని పని చేస్తాయి కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు. మొదటిసారి అడిగేది ఈ ఛార్జింగ్ డబ్బాయే.

తేల్చుకోవడం తేలిక. ఆ కేబుల్ తీసుకుని ఎర్తింగు బాగుందని మీకు తెలిసిన వేరే ఇంట్లో 16 ఆంపియర్ల సాకెట్‌కి పెట్టి చూడండి. లేదా దారిలో ఎక్కడైనా టైప్-2 గన్ ఉన్న ఏసీ ఛార్జర్ దొరికితే దానికి పెట్టండి. రెండిట్లో ఏదో ఒక చోట ఛార్జింగ్ ఎక్కితే బండిలో లోపం లేనట్టే. మీ కేబుల్‌తో వేరే ఇంట్లో ఎక్కితే మీ ఇంటి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. టైప్-2 దగ్గర ఎక్కి, వేరే ఇంట్లో ఎక్కకపోతే మీ కేబుల్ డబ్బాను అనుమానించాలి. ఆయన వచ్చి సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టి చూస్తాడు. మొదటిది 230కి దగ్గరగా, రెండోది రెండు మూడు వోల్టులు ఉంటే సరే. మొదటిది వందో నూటయాభయ్యో చూపిస్తూ ఊగుతుంటే ఎర్త్ వైరు నేలకు సరిగా కలవడం లేదని అర్థం. మీటరు బాగానే చూపించినా ఎర్త్ బలహీనంగా ఉండవచ్చు కాబట్టి ఎర్త్ టెస్టరు ఉన్న మనిషినే పిలవండి. ఈ కొలతలు మీరు చేయొద్దు. 12 వోల్టుల దగ్గర నేర్చుకోవచ్చు, 230 దగ్గర వద్దు. అన్నట్టు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ద్వారా ఛార్జింగ్ పెడుతుంటే ఇవాళ్టితో మానేయండి. గంటల తరబడి పది పన్నెండు ఆంపియర్లు లాగే లోడుకు అది తగదు.

డబ్బా వెనక స్టిక్కరు కూడా చూడండి. ఎర్ర లైటు ఎన్నిసార్లు మినుకుమంటే ఏ లోపమో చాలా కంపెనీలు దాని మీదే అచ్చు వేస్తాయి.

రెండు చోట్లా ఛార్జింగ్ ఎక్కకపోతే అప్పుడు బండిలో వెతుకుదాం. ఛార్జింగ్‌కి సంబంధించిన చిన్న ఫ్యూజులు కొన్ని 12 వోల్టుల వైపు ఉంటాయి. ఛార్జింగ్ మూత దగ్గర గన్‌ను పట్టి ఉంచే లాక్ మోటారుకి, బండిలోపలి ఛార్జర్‌ను నిద్ర లేపే కంట్రోలుకి ఒక్కోటి. ఇవి మీరు చూసుకోవచ్చు. ఆ ఛార్జర్‌కీ పెద్ద బ్యాటరీకీ మధ్య ఉండే ఫ్యూజులు వేరు. వాటి గురించి కింద చెబుతాను, చూడటానికి కాదు, చూడకుండా ఉండటానికి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఫ్యూజు పెట్టె తెరిచే ముందు మామూలు పెట్రోలు బండికి అక్కర్లేని జాగ్రత్తలు ఉన్నాయి. మీ బండి ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయదు. మీటరులో రెడీ అని వెలుగుతుంటే ఇంజను ఏ క్షణానైనా దానంతటదే లేచి తిరగొచ్చు, మీ చెయ్యి బెల్టు దగ్గర ఉన్నా సరే. అందుకని బటన్ నొక్కి పూర్తిగా ఆపండి, తాళం అయిదారు మీటర్ల దూరంలో, ఇంట్లో బల్ల మీద పెట్టండి. జేబులో ఉంచుకుంటే బండి మిమ్మల్ని చూసి మళ్లీ లేస్తుంది. ఛార్జింగ్ గన్ తప్పకుండా పీకేయండి. గన్ తగిలించి ఉంటే లోపల పెద్ద బ్యాటరీ కాంటాక్టర్లు, అంటే దాని కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్చులు, కలిసి ఉండొచ్చు, నారింజ రంగు వైర్లలో కరెంటు నడుస్తుండొచ్చు. ఆ సమయంలో తెలియక 12 వోల్టుల ఫ్యూజు ఒకటి పీకితే కాంటాక్టర్లు లోడు మీద ఉండగా విడిపోయి లోపల మాడతాయి. ఒక్కసారికి ఏమీ కాకపోవచ్చు. ఆ కాంటాక్టరు ఖరీదు తెలిస్తే ఆ ఒక్కసారి కూడా చేయబుద్ధి కాదు. అన్నీ ఆపాక పది నిమిషాలు ఆగండి. కాఫీ తాగి రండి.

పెట్టెలు సాధారణంగా మూడు. బానెట్ కింద ఒకటి, లోపల డ్యాష్‌బోర్డు అంచునో కాళ్ల దగ్గరో ఒకటి, డిక్కీలో ఒకటి. మీ రకం బండ్లలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చాలావాటిలో డిక్కీలోనే ఉంటుంది. దాని ప్లస్ టెర్మినల్ మీదే బోల్టులతో బిగించిన పెద్ద ఫ్యూజులు కొన్ని ఉంటాయి. బోల్టు ఉన్న ఫ్యూజు జోలికి మీరు పోవద్దు. చేత్తో పీకగలిగినంత వరకే మీ పని. ఎయిర్‌బ్యాగు అని రాసి ఉన్నదాన్ని కూడా వదిలేయండి.

ఏ ఫ్యూజు దేనికో పెట్టె మూత లోపల, లేదా మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. మాన్యువల్ చూసేటప్పుడు ఒక తిరకాసు. కొన్నిట్లో బొమ్మలు ఎడమ వైపు స్టీరింగు ఉన్న దేశాల బండివి. మన బండిలో లోపలి పెట్టె అటుదిటు అయి ఉండొచ్చు. ముట్టుకోకముందే సెల్‌ఫోనుతో పెట్టె మొత్తానికి దగ్గరగా ఒక ఫోటో తీయండి. నేను ఇప్పటికీ తీస్తాను. తీయని రోజు ఒకసారి ఒక ఫ్యూజు పక్క గడిలో పెట్టేసి, రెండు గంటలు లేని రోగం వెతికాను.

మూతలోనే చిన్న తెల్ల ప్లాస్టిక్ చిమటా ఇరికించి ఉంటుంది, దాంతో నిలువుగా పీకాలి. ముక్కు పటకారు వాడితే ఫ్యూజు తల విరిగి కాళ్లు లోపల ఉండిపోతాయి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఆ చిమటా ఎప్పుడో పోయి ఉంటుంది, ఆటోనగర్‌లో అయిదు పది రూపాయలకు దొరుకుతుంది.

పోయిన ఫ్యూజును కంటితో పోల్చుకోవచ్చు, లోపలి సన్నటి వంపు తెగి ఉంటుంది, ప్లాస్టిక్ నల్లబడుతుంది. కానీ కన్ను మోసం చేస్తుంది. వెంట్రుకవాసి పగులు ఉన్న ఫ్యూజు చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. తీసిన ఫ్యూజుకు మల్టీమీటరులో బజర్ పెట్టి రెండు కాళ్లకూ తాకించండి, కుయ్యిమంటే బతికున్నట్టు. దీనికన్నా నాకు నచ్చే పద్ధతి పీకకుండానే చూడటం. ప్రతి బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి, అవి దానికోసమే పెట్టారు. మీటరు నల్ల వైరును బాడీలో రంగు లేని బోల్టుకు పెట్టి, ఎర్ర వైరును ఆ రెండు చుక్కలకూ ఒకదాని తర్వాత ఒకటి తాకించండి. రెండు చోట్లా 12 వస్తే ఫ్యూజు బాగుంది. ఒక చోట వచ్చి రెండో చోట రాకపోతే పోయింది. రెండు చోట్లా రాకపోతే ఫ్యూజును తిట్టకండి, అసలు దాని దాకా కరెంటే రాలేదు. ఆ లైనుకు కరెంటు వదిలే స్విచ్చు, అంటే రిలే, కలవలేదో, బండి నిద్రలో ఉందో, బటన్ ఒక్కసారి నొక్కితే గాని ఆ లైను లేవదో. కొత్తవాళ్లు ఎక్కువ పొరబడేది ఈ మూడోదాని దగ్గరే.

అసలు ఏ ఫ్యూజూ ముట్టుకోకముందే చిన్న బ్యాటరీ వోల్టేజి చూడమంటాను. బండి ఆపి ఉండగా 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 11.8 కిందికి వస్తే ఖాళీ. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ యజమానులకు ఇది వింతగా తోస్తుంది. ఇంత పెద్ద బ్యాటరీ నిండుగా ఉండగా బండి ఎందుకు లేవదని అడుగుతారు. పెద్ద బ్యాటరీ తలుపు తీయాల్సింది ఈ చిన్న బ్యాటరీయే. నిండు ధాన్యపు కొట్టుకు తాళం వేసి తాళంచెవి పోగొట్టుకున్నట్టు. మీ బండిలో ఆల్టర్నేటరు ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టరు చిన్నదాన్ని నింపుతుంది. రెడీలో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ దగ్గర పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య చూపించాలి. అది 12 దగ్గరే ఆగిపోతే గొడవ ఫ్యూజు పెట్టెలో కన్నా కన్వర్టరు వైపే ఎక్కువగా ఉంటుంది, బండి షోరూముకి వెళ్లాల్సిందే.

కొత్త ఫ్యూజు కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని వెళ్లండి. రంగు చెప్పి కొనొద్దు. బ్లేడు ఫ్యూజుల్లో లేత గోధుమ 5, ముదురు గోధుమ ఏడున్నర, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెల్లది 25, ఆకుపచ్చ 30. కానీ పక్కనే డబ్బాలా చతురస్రంగా ఉండే ఫ్యూజుల్లో ఈ రంగులు చెల్లవు, అందులో నీలం అంటే 20, ఆకుపచ్చ అంటే 40. నెత్తిన అచ్చేసిన అంకె ఒక్కటే నమ్మండి. సైజు గోల ఇంకోటి. పెద్ద బ్లేడు, మినీ, పొట్టి కాళ్ల మినీ, ఇంకా సన్నటి మైక్రో, మూడు కాళ్ల మైక్రో. మినీకీ పొట్టి కాళ్ల మినీకీ తల ఒకేలా ఉంటుంది కాబట్టి పొరపడతారు. పొట్టిది పొడుగు గడిలో పెడితే అంచు మీద తాకుతూ నిలబడుతుంది, పని చేస్తుంది కూడా. కొన్నాళ్లకు ఆ వదులు జాగాలో వేడి పుట్టి గడి ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్యూజు తీసినప్పుడు కాళ్లు గోధుమ రంగుకు తిరిగి, గడి అంచు మెత్తబడి కనిపిస్తే అది ఎక్కువ కరెంటు లాగడం వల్ల కాకపోవచ్చు, ఈ వదులు వల్ల అయి ఉంటుంది.

ఇక నకిలీలు. వంద ఫ్యూజుల డబ్బా అంటూ చవగ్గా అమ్మేవాటిలో నుంచి ఒకసారి పది ఆంపియర్లది తీసి మా బల్ల మీద పెట్టి లోడు పెంచుతూ పోయాను. ఇరవై దాటింది, పాతిక దాటింది, ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చింది గాని తీగ తెగలేదు. అది ఫ్యూజు ఆకారంలో ఉన్న రేకు ముక్క. పేరున్న కంపెనీది విడిగా కొన్నా పాతిక, ముప్ఫై రూపాయలు మించదు. ఇంత ఖరీదైన బండి వైరింగును కాపాడేదాని దగ్గర బేరమాడకండి. మీ బండిలో ఉన్న సైజుల్లో 5, 10, 15, 20 రెండేసి కొని గ్లవ్ బాక్సులో పడేయండి. మైక్రో సైజులు చిన్న ఊళ్లలో దొరకవు.

మీ నీలం ఫ్యూజు ఎందుకు పోయిందన్నది తేల్చకుండా కొత్త నీలం పెట్టినా ప్రయోజనం లేదు. సాకెట్ పక్కన ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, చూడండి. 120 వాట్లు అంటే 12 వోల్టుల మీద పది ఆంపియర్లు. గాలి పంపు మీద రాసింది కూడా చూడండి. చిన్న పంపులు పది దాకా లాగితే పెద్దవి పదిహేను దాటుతాయి. మన మే నెల ఎండలో, తారు రోడ్డు పక్కన, వేడెక్కిన పంపు పిస్టను బిగుసుకుంటే ఇంకా ఎక్కువ. మీరు చెప్పినదాన్నిబట్టి నా అనుమానం పంపు మీదే. సాకెట్ లోపల కూడా టార్చి వేసి చూడండి. రూపాయి బిళ్ల, హెయిర్‌పిన్, పిల్లలు దూర్చిన చాక్లెట్ రేకు ఇవన్నీ నేను బయటికి తీసినవే.

కొత్త నీలం పెట్టి, సాకెట్‌కి ఏమీ తగిలించకుండా వదలండి. పోకపోతే వైరు బాగున్నట్టే, దోషి పంపు. ఏమీ లేకుండానే మళ్లీ పోతే వైరు ఎక్కడో ఒలిచిపోయి బండి బాడీకి తాకుతోంది. అప్పుడు మూడోది పెట్టొద్దు. మా పాతకాలం చిట్కా ఒకటుంది. ఫ్యూజు గడిలో ఫ్యూజుకు బదులు 21 వాట్ల బ్రేకు బల్బు తగిలిస్తాం. లైనులో షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఎంత షార్ట్ అయినా బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి వైరుకు ఏమీ కాదు. అలా వెలుగుతుండగా వైరు కట్టను ఒక్కో చోట కదుపుతూ వెళితే, ఎక్కడ కదిపినప్పుడు బల్బు మసకబారుతుందో అక్కడే గాయం. హారను, లైట్లు, సాకెట్ లాంటి మొరటు లైన్లకే ఇది. కంప్యూటర్లకు, ఎయిర్‌బ్యాగుకు వెళ్లే లైన్లలో ఈ పని చేయకూడదు. ఇది మీరు చేయమని కాదు, మీ మరిది గారికి చెయ్యి దురద పెడుతుందేమోనని రాశాను.

సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి ఇంకో రెండు మాటలు. పాత యజమాని డ్యాష్‌క్యామ్, అదనపు లైట్లు ఏవైనా పెట్టించి ఉంటే ఆ అతుకులు ఫ్యూజు పెట్టె వెనకే ఉంటాయి. ఫ్యూజు కాలికి వైరు చుట్టి గడిలోకి నొక్కేవాళ్లున్నారు, అలాంటిది కనపడితే తీయించేయండి. ఇక నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు వచ్చిన బండ్లు ఇప్పటికీ మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. పైకి కడిగి, పాలిష్ పెట్టి, అమ్మేసినవి. అలాంటి బండి డిక్కీ అడుగున స్పేర్ టైరు గుంటలో మెత్తటి ఒండ్రు మట్టి, ఫ్యూజు కాళ్ల మీద పచ్చటి చిలుము ఉంటుంది. మీది హైదరాబాదు బండి అయినా ఒకసారి చూసుకోండి. చిలుము కనిపిస్తే ఫ్యూజు మార్చి ఊరుకోవద్దు, ఆ బండిలో నారింజ రంగు వైర్ల సంగతి కూడా షోరూములో చూపించాలి.

ఎలుకల సంగతి చెప్పకపోతే గుంటూరు వాళ్లకు కోపం వస్తుంది. వైర్లు కొరికే ఎలుకలకు విరుగుడుగా బానెట్ కింద మిరప్పొడి చల్లుతున్నాం అని మీ ఊరివాళ్లు చాలామంది చెబుతారు. ఆలోచన తప్పేమీ కాదు, కారం పూసిన టేపును ఒక జపాన్ కార్ల కంపెనీ వైర్లకు చుట్టడానికే అమ్ముతుంది. పొడి చల్లడం మాత్రం వద్దు. ఇంజను ఫ్యాను తిరగ్గానే అది ఏసీలోంచి మీ కళ్లలోకి వస్తుంది. మీ యార్డు మిరపకాయ ఘాటు నాకు తెలుసు, ఒక బండి బాగుచేసి సాయంత్రం దాకా తుమ్మాను.

ఇక నారింజ రంగు. బండి కింద, బానెట్ కింద లావుగా నారింజ రంగు తొడుగుతో కనిపించే వైర్లన్నీ పెద్ద బ్యాటరీవి. మీ రకం బండ్లలో మూడు నాలుగు వందల వోల్టులు. అక్కడ కూడా ఫ్యూజులున్నాయి, బ్యాటరీ పెట్టె లోపలో, రిపేరుకు ముందు పెద్ద బ్యాటరీ లైనును విడదీయడానికి పీకే సర్వీసు ప్లగ్గులోనో. అవి మన బ్లేడు ఫ్యూజుల్లాంటివి కావు. పింగాణీ గొట్టంలో ఇసుక దట్టించి చేస్తారు. ఎందుకంటే ఇది డీసీ, ఎప్పుడూ ఒకే వైపు పారే బ్యాటరీ కరెంటు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి తెగిన చోట మెరుపు తనంతట ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. తీగ తెగినా ఆ ఖాళీలో వెల్డింగ్ మెరుపులా మంట నిలబడిపోతుంది, ఆ మంటను ఆర్పడానికే ఇసుక. 32 వోల్టులకని చేసిన బ్లేడు ఫ్యూజు అక్కడ పెడితే పేలుతుంది. యాక్సిడెంటులో చిన్న మందుగుండు పేలి లైను తెగే ఫ్యూజులు కూడా కొన్ని బండ్లలో ఉంటాయి.

ఆ పని చేసే మనిషి వెయ్యి వోల్టులకు తట్టుకునే రబ్బరు చేతి తొడుగులు వేసుకుంటాడు. వేసుకునే ముందు వాటిలో గాలి బిగించి, సూది మొన అంత చిల్లు ఉందేమో చూసుకుంటాడు. సర్వీసు ప్లగ్గు పీకాక ఇన్వర్టరులో నిలిచిన కరెంటు దిగడానికి కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి సున్నా అని చూశాకే చెయ్యి వేస్తాడు. నాకు ఆ శిక్షణ ఉంది, తొడుగులు ఉన్నాయి. అయినా వారంటీలో ఉన్న బ్యాటరీ పెట్టె నేను తెరవను. ఆటోనగర్‌లో ఎవరైనా, చిటికెలో చేసేస్తానమ్మా అని వట్టి చేతులతో ముందుకొస్తే, బండి తాళం ఇవ్వకండి.

షోరూము వాళ్లు టో చేసి తెమ్మన్నారని కదా. మీటరులో ఎర్రటి హెచ్చరిక గాని, వెంటనే ఆపమన్న మాట గాని, కాలిన వాసన గాని ఉంటే వాళ్లు చెప్పిందే సరైనది, మీరు నడపకండి. అలాంటివేమీ లేకుండా ఛార్జింగ్ మాత్రమే ఎక్కకపోతే బండి పెట్రోలు మీద మామూలుగానే తిరుగుతుంది. గుంటూరు నుంచి విజయవాడ ముప్ఫై అయిదు కిలోమీటర్లే, మీరే నడుపుకుంటూ తీసుకెళ్లండి. ఫోనులో విని చెప్పేవాళ్లకు ఎర్ర లైటు అనగానే అది బండిలోదో డబ్బాలోదో తేడా తెలియదు. లైటు డబ్బా మీద వెలిగిందని వాళ్లకు మరోసారి స్పష్టంగా చెప్పి చూడండి.

ఇవాళ ఆకుపచ్చది తీసేశాక, రేపు ఆ కేబుల్ వేరే ఇంట్లో పెట్టి చూసి ఏమైందో రాయండి. గాలి పంపు అడుగున ఎన్ని వాట్లని రాసి ఉందో, డబ్బా మీద ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతోందో, మినుకుమంటుంటే ఎన్నిసార్లో లెక్కపెట్టి అది కూడా రాయండి. పాత నీలం ఫ్యూజు పారేయకుండా ఉంటే దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టండి. తీగ మధ్యలో శుభ్రంగా తెగిందో, ప్లాస్టిక్ అంతా నల్లగా మసి పట్టిందో చూస్తే మెల్లగా వేడెక్కి పోయిందా, ఒక్కసారిగా షార్ట్ అయి పోయిందా అన్నది కొంత చెప్పగలను.